కెమెరా కింద స్టూలు

మాచర్లలో పొద్దున ఆరున్నరకు చెత్తబండి వస్తుంది. బండి మీది మైకులో ఒక ఆడగొంతు తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా ఇవ్వమని ఎంతో మర్యాదగా, ఒక్క అక్షరం మింగకుండా చెబుతుంది. మునిసిపాలిటీ వాళ్ళు ఎప్పుడో రికార్డు చేయించుకున్న ఆ గొంతు ఎలిజబెత్‌ది. ఆమె గొంతే ఆమె వాకిట్లోకి వచ్చి చెత్త అడుగుతుంది, ఆమె రెండు బకెట్లూ తెచ్చి ఇస్తుంది. బండి తోలే అతనికి ఆ సంగతి తెలియదు. ఆమె చెప్పనూ లేదు. చెబితే అతను ఏమనాలి, పాపం?

ఒకప్పుడు ఆ గొంతు వినపడగానే ఊరంతా గుర్తుపట్టేది. 2001 నుంచి పదకొండేళ్ళు చంద్రవంక సిటీ కేబుల్‌లో సాయంత్రం ఏడు గంటల వార్తలు చదివింది ఆమే. కూరగాయల బజారులో వార్తలక్కా అని పిలిచి రెండు వంకాయలు ఎక్కువ వేసేవాళ్ళు. తర్వాత సెట్‌టాప్ బాక్సులొచ్చాయి, కేబుల్ చేతులు మారింది, ఊరి వార్తలు ఊరికే అక్కర్లేకుండా పోయాయి. ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేరింది. ఇప్పుడు యాభై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి గ్రేసమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. స్కూలు, చర్చి, ఇల్లు. సాయంత్రం ఐదు దాటితే ఆమె నోరు తెరవాల్సిన పనే ఉండదు. వేసవి సెలవుల్లోనైతే పొద్దున కూడా ఉండదు.

ఆ సెలవులు ఇచ్చిన వారంలోనే క్రాంతి కుమార్ ఫోన్ చేశాడు. నరసరావుపేట అబ్బాయి, హైదరాబాదులో సినిమాలకు కథలు రాస్తాడు. చిన్నప్పుడు మాచర్లలో అమ్మమ్మ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె వార్తలు చూసేవాడట. ఇప్పుడు అతను రాస్తున్న సినిమాలో నాయిక చిన్న ఊళ్ళో కేబుల్ టీవీ వార్తలు చదివే మనిషి. స్టూడియో సీను రాసుకెళ్ళి చూపిస్తే డైరెక్టరు, నువ్వు ఏ స్టూడియో చూసి రాశావు, సినిమాలు చూసి రాశావా అని అడిగాడట. అడిగినవాడు మంచి పని చేశాడు.

మన సినిమాల్లో టీవీ స్టూడియో ఎట్లా ఉంటుందో తెలిసిందే కదా. గాజు బల్ల, వెనక ప్రపంచపటం, నాలుగు కెమెరాలు. పక్కనుంచి ఒకడు పరుగెత్తుకొచ్చి కాగితం అందిస్తాడు, ఆవిడ అది చదవగానే టీవీ షాపు ముందు జనం నోళ్ళు తెరుస్తారు. ఆ కాగితం తెచ్చేవాడు అప్పటిదాకా ఎక్కడ నిలబడి ఉన్నాడో, రోజూ వాడికి అదొక్కటే పనో, రాసేవాళ్ళెవరూ ఆలోచించరు. క్రాంతి కుమార్ సీనులోనూ వాడున్నాడు. వాట్సాప్‌లో పంపిన సీనును ఎలిజబెత్ నోటుబుక్కులోకి ఎత్తి రాసుకుని, టీచరు బుద్ధి పోక ఎర్రపెన్నుతో దిద్దింది. ముందు ఆ కాగితం వాణ్ణి కొట్టేసింది.

ఆ సాయంత్రం గంటసేపు మాట్లాడింది. స్టూడియో అంటే బస్టాండు వెనక వీధిలో, అలీ సాహెబ్ టైలరు షాపు పైన, పది అడుగుల గది. ప్రతిధ్వని రాకుండా గోడలకు ఏదైనా మందంగా కొట్టించమంటే ఓనరు లక్ష్మీనారాయణ, మిరప వ్యాపారి గనక, మిరపకాయలు నింపే పాత టిక్కీల గోనెలు విప్పించి మేకులతో కొట్టించాడు. మొదటి రోజు లైట్లు వేడెక్కేసరికి గోనెల్లోని ఘాటంతా గదిలోకి దిగింది. మంచినీళ్ళ ట్యాంకు ప్రారంభోత్సవం వార్తను ఎలిజబెత్ ధారగా కన్నీళ్ళు కారుస్తూ చదివింది. మర్నాడు ముప్ఫై ఫోన్లు వచ్చాయి, ఆ అమ్మాయికి ఇంట్లో ఏం కష్టం వచ్చిందని.

క్రాంతి కుమార్ పడీపడీ నవ్వాడు. ఆ ఇంట్లో ఎవరైనా నవ్విన చప్పుడు వినపడి చాలా రోజులైంది, ఫోన్లోంచైనా సరే. ఇంకా చెప్పమన్నాడు. ఆమెకు అన్నీ నిన్న మొన్న జరిగినట్టు గుర్తున్నాయి. కానీ, ఇయ్యాళ్టికి ఇంతే గుర్తొస్తంది బాబూ, రేపు ఏడింటికి చేయి, అంది.

అప్పట్నుంచి పిసినారి తల్లి పండగ పిండివంటలు పంచినట్టు రోజుకు ఒకటే పంచింది. మైకులో చప్పుడు పడుతుందని చదివేటప్పుడు ఫ్యాను ఆపేసేవాళ్ళని ఒక రోజు. రెండు లైట్ల వేడికి మే నెలలో ప్రాణం పోతుంటే, పైకి పట్టుచీర కట్టుకుని, బల్లకింద బేసిన్లో నీళ్ళు పోయించుకుని కాళ్ళు అందులో పెట్టుకుని, రెంటచింతలలో నలభై ఏడు డిగ్రీలు అని చదివేదని ఇంకో రోజు. కాగితాలు తిప్పితే గలగల వినపడుతుందని, ఒక వైపే రాసి, చదివింది చదివినట్టు పక్కకు జరిపేదని మరో రోజు. త్రీ, టూ, వన్ అనేవాళ్ళు ఎవరూ ఉండరని. కెమెరా చూసేదీ, రికార్డింగు చూసేదీ ఆనందరావు ఒక్కడే, అందుకని కెమెరాను సరిచేసి పెట్టి పక్క గదిలోకి పోయి, తలుపు వేసుకుని, ఆ తలుపు మీద వేలితో రెండుసార్లు కొట్టేవాడని. ఆ రెండు దెబ్బలు పడ్డాక గదిలో ఆమె ఒక్కతే. సాయంత్రం నాలుగింటికి చదివింది ఏడింటికి వేసేవాళ్ళు. ఉన్నవి నాలుగే క్యాసెట్లు, వాటిమీదే మళ్ళీ మళ్ళీ రికార్డు చేసేవాళ్ళు గనక పదకొండేళ్ళలో ఒక్క రోజు వార్తలు కూడా మిగల్లేదు.

అవి మిగల్లేదు గనకే ఆ సీను మీద ఆమెకు అంత పట్టు. అందులో సరిగ్గా పడితే ఆ గది ఎక్కడో ఒకచోట ఉన్నట్టు. కానీ పద్దెనిమిదో రోజుకు ఆమె దగ్గర సరుకు అయిపోయింది. ఇంకొకటి ఉంది గానీ అది ఇచ్చేది కాదు. క్రాంతి కుమార్, రాసుకున్నది చాలు ఆంటీ, ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను, సినిమా వచ్చినప్పుడు తప్పకుండా పిలుస్తాను అన్నాడు. ఎలిజబెత్‌కు రేపు ఏడింటికి ఫోన్ మోగదన్న ఆలోచన ఒక్కటే మెదిలింది. మనిషి అన్నాక అలాంటప్పుడు నోట్లోంచి ఏదో ఒకటి వస్తుంది.

"స్టూలు సంగతి నీకు చెప్పనే లేదు గదా బాబూ," అంది.

చెప్పడం మొదలుపెట్టాక అది దానంతటదే సాగింది. కెమెరా కింద ఒక చెక్క స్టూలు ఉండేది. ఎదురుగా మనిషి ముఖం లేకపోతే చదవడం రావడంలేదని ఆమె గొడవ పెడితే, కింద షాపులోంచి అలీ సాహెబ్ మెడలో టేపు వేసుకుని రోజూ నాలుగింటికి పైకొచ్చి, ఆ స్టూలు మీద కూర్చుని వినేవాడు. ఆమె ఊళ్ళోవాళ్ళందరికీ చదివినట్టు కనపడేది గానీ నిజానికి ఆయన ఒక్కడికే చదివేది. అర్థంకాని మాట వస్తే ఆయన కనుబొమలు ముడిపడేవి, ఆమె ఆగి మళ్ళీ చదివేది. ఎవరైనా పోయిన వార్త అయితే టోపీ సర్దుకునేవాడు.

క్రాంతి కుమార్, ఆంటీ, ఇన్నాళ్ళూ ఇది దాచిపెట్టి బేసిన్ల గురించి చెప్పారా, అన్నాడు. ఆ వారం రోజుకు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఆయన ఏ రంగు చొక్కా వేసేవాడు, ఆనందరావు తలుపు కొట్టకముందు వచ్చేవాడా తర్వాతా, మంచినీళ్ళు ఇచ్చేవాడా? ఎలిజబెత్ దేనికీ తడుముకోలేదు. ఒకోసారి తనే నమ్మేసేది. పొద్దున చెత్తబండి వచ్చినప్పుడు కూడా, అలీ సాహెబ్ వింటే ఈ "పొడి చెత్త" దగ్గర తల ఊపేవాడు అనుకుని నవ్వుకుంది.

గురువారం నాడు క్రాంతి కుమార్ సంబరంగా ఒక మాట చెప్పాడు. డైరెక్టరుకు ఆ స్టూలు చాలా నచ్చిందట. సగం సీను దానిమీదే నడుస్తుందట. అసలు పేరే వాడుకుందామని, అలీ సాహెబ్ లేకపోయినా ఆయన కొడుకు షాపు నడుపుతున్నాడు గనక ఆదివారం వచ్చి, కూర్చుని మాట్లాడి, అనుమతి అడుగుతానన్నాడు. ఎలిజబెత్ మంచిదే బాబూ అని ఫోన్ పెట్టేసింది.

నిజమేమిటంటే, అలీ సాహెబ్ ఆ స్టూలు మీద కూర్చున్నది ఒకే ఒక్క రోజు. కుట్టిన జాకెట్టు ఇవ్వడానికి పైకొచ్చాడు. అప్పటికే రెండు దెబ్బలూ పడ్డాయి. కదిలితే చప్పుడవుతుందని ఊపిరి బిగబట్టి స్టూలు మీద కూర్చుండిపోయాడు. అయిపోయాక, బాగా చదివినావమ్మా, అని జాకెట్టు బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోయాడు. ఆ ఒక్క రోజును ఆమె పదకొండేళ్ళకు సాగదీసింది. ఆయన కొడుకును అడిగితే, మా నాయన పైకెప్పుడు ఎక్కాడండీ అంటాడు. అంతటితో ఆమె చెప్పిన గోనెలూ, బేసినూ, రెండు దెబ్బలూ అన్నీ అబద్ధాల్లో కలిసిపోతాయి. ఆ భయం ఆమెను మూడు రోజులు తిననివ్వలేదు. చెబితే ఫోన్ రాదు. చెప్పకపోతే ఆ గదే ఉండదు.

ఆదివారం మొదటి ఆరాధనకు వెళ్ళివచ్చి కోడికూర వండింది. క్రాంతి కుమార్ పదకొండున్నరకు వచ్చాడు. ఫోన్లో గొంతు విని పాతికేళ్ళవాడనుకుంది, ముప్ఫై దాటి బట్టతల మొదలైంది. భోజనం అయ్యాక చెబుదామనుకుంది గానీ, కంచం ముందు అతను చేతులు కడుక్కుని కూర్చుంటే మనసు ఒప్పుకోలేదు.

"అలీ సాహెబ్ ఒక్క రోజే కూర్చున్నాడు బాబూ. మిగతా పదకొండేళ్ళూ ఆ స్టూలు మీద ఎవురూ లేరు. నువ్వు ఫోను మానేస్తావని చెప్పా."

అతని ముఖం మాడిపోయింది. కోపం వచ్చింది, రాకుండా ఎట్లా ఉంటుంది? డైరెక్టరుకు ఏం చెప్పాలో, ఎన్నిసార్లు తిరగరాశాడో లోపల లెక్కవేసుకుంటున్నట్టు కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. మిగతావి, అని మాత్రం అన్నాడు. మిగతావన్నీ నిజమేనని ఆమె బైబిలు వైపు చూసి చెప్పింది.

"స్టూలైనా ఉందా?"

ఉంది. ఆనందరావు లైట్లు సరిచేయడానికి దానిమీదికి ఎక్కేవాడు. తర్వాత అది కెమెరా కిందే ఖాళీగా పడి ఉండేది.

"మరి మీరు ఎవర్ని చూసి చదివేవాళ్ళు ఆంటీ?"

ఇదే ఆమె ఇవ్వకుండా దాచుకున్నది. ఇప్పుడు దాచడానికి కారణమూ లేదు, ముఖమూ లేదు. నెమ్మదిగా చెప్పింది. చేరిన వారంలో లక్ష్మీనారాయణ, ముఖం బోసిగా ఉందమ్మా, చూసేవాళ్ళు ఏమన్నా అనుకుంటారు, వార్తల వరకు ఒక బొట్టుబిళ్ళ పెట్టుకో అన్నాడు. గ్రేసమ్మ చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థనలు నడిపే మనిషి. వాళ్ళ ఇంట్లో మూడు తరాలుగా బొట్టు లేదు. ఎలిజబెత్ ఉద్యోగం పోతుందని పెట్టుకుంది. ఆ రోజు ఏడింటికి టీవీలో కూతురి ముఖం రాగానే గ్రేసమ్మ లేచి టీవీ కట్టేసింది. తిట్టలేదు, అడగలేదు. వరండాలోని ఇనప కుర్చీని వాకిట్లోకి ఈడ్చుకుపోయి, పక్కింటి అంజమ్మ వాళ్ళ గోడ పక్కన వేసుకుని కూర్చుంది. ఎందుకమ్మా అంటే గాలికి అంది. పదకొండేళ్ళు రోజూ ఏడింటికి టీవీ కట్టడం, కుర్చీ ఈడ్వడం. లోపల ఎలిజబెత్ కూర చేసుకుంటూ ఆ కుర్చీ కాళ్ళ చప్పుడు వినేది. ఊరంతా చూసే మనిషిని ఇంట్లో చూసే దిక్కు లేదు. తన వార్తలు తను చూసుకున్నది కూడా ఎప్పుడైనా బట్టల షాపులోనే.

వార్తలు అయిపోగానే ఆ బొట్టుబిళ్ళ తీసేసేది. పారేయడానికి చేయి రాదు, ఇంటికి తీసుకుపోవడానికి లేదు. ఒక రోజు కెమెరాకు, లెన్సు కింద, అంటించింది. మర్నాడు చదువుతుంటే చూపు దానిమీదే నిలిచింది. తర్వాత అదే అలవాటైంది. ఆనందరావు కొన్నాళ్ళు సణిగాడు, తర్వాత వదిలేశాడు. పాతవి రాలిపోతున్నా లెన్సు చుట్టూ బొట్లు మూడు వరసలయ్యాయి.

"నిన్న నా నుదుటి మీద ఉన్నదానికి ఇయ్యాళ చదివేదాన్ని. అట్టా ఎదురుగా ఉండేది కూడా నేనే బాబూ. చానా సిగ్గుగా ఉండి నీకు చెప్పలా."

క్రాంతి కుమార్ ఎడంచేత్తో ఫోన్ తీసి ఏదో రాసుకున్నాడు. తర్వాత అన్నం కలుపుకుని తిన్నాడు. కూర బాగుందన్నాడు. కోపం తగ్గిందో లేదో ఆమెకు తెలియలేదు, అడగడానికి ధైర్యమూ చాలలేదు.

చేయి కడుక్కుని, వెళ్ళే ముందు ఒక్క పని చేసిపెట్టమన్నాడు. సీనులో నాయిక చదవాల్సిన వార్తలు ఉన్నాయి, వేషం వేసే అమ్మాయి నేర్చుకోవడానికి ఒకసారి చదివితే రికార్డు చేసుకుంటాడు. ఫోన్‌ను బియ్యం డబ్బా మీద నిలబెట్టి, దాని కింద పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఎలిజబెత్ ఫ్యాను ఆపింది. కాగితాలు విడివిడిగా పరుచుకుంది. నమస్కారం, చంద్రవంక వార్తలకు స్వాగతం అంది, అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఎదురుగా మనిషి ముఖం ఉంది, కళ్ళార్పకుండా వింటోంది, దాన్ని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. పదకొండేళ్ళు కోరుకున్నది ఎదురుగా కూర్చుంటే ఒక్క వాక్యం దాటడం చేతకాలేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

"నాయనా, నువ్వు ఏమీ అనుకోకుండా కాస్త బయట కూర్చో."

అతను ఏమీ అనుకోలేదు. వరండాలో ఇనప కుర్చీ చూపించింది. తలుపు దగ్గరికి వేసి, బయటినుంచి వేలితో రెండుసార్లు కొట్టాడు.

అంతే, గొంతు వచ్చేసింది. మంచినీళ్ళ ట్యాంకు, దుర్గి దగ్గర రోడ్డు పనులు, మిర్చి ధర, రెంటచింతలలో నలభై ఏడు డిగ్రీలు. నల్లటి ఫోన్ కంటిని చూస్తూ ఒక్కచోట తొట్రుపడకుండా చదువుకుంటూ పోయింది. మధ్యలో బయట కుర్చీ కాళ్ళు నేలమీద ఈడ్చిన చప్పుడైంది. పాత చప్పుడే. ఆమె ఆగలేదు. చివరి కాగితం పక్కకు జరిపి, సెలవు చెప్పి, లేచి తలుపు తీసింది.

క్రాంతి కుమార్ వరండాలో లేడు. కుర్చీని వాకిట్లోకి లాక్కుని, ఎర్రటి ఎండలో, కిటికీ రెక్కకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది.

"అక్కడ సరిగా వినపడలేదు ఆంటీ. అందుకని ఇటు జరిగా."

ఎలిజబెత్ కిటికీని చూడలేదు. వాకిలికి అవతల ఉన్న అంజమ్మ వాళ్ళ గోడను చూసింది. పడమటి ఎండకు కాలి, రాత్రి ఎనిమిదింటి దాకా చేయి పెట్టనివ్వని గోడ అది. దాని పక్కకు గాలి ఏనాడూ రాలేదు. గాలి కావాలనుకున్న మనిషి ఎవరూ అక్కడ కుర్చీ వేసుకోరు. గోడకు అవతల అంజమ్మ చెవిటి మామగారి కోసం ఏడింటి వార్తలకు టీవీ శబ్దం పూర్తిగా పెంచేవాళ్ళు. ఈ సంగతులన్నీ ఆమెకు ముందునుంచీ తెలుసు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోలేదు, అంతే.

ఏమైందాంటీ అని అతను అడిగితే, ఏం లేదు బాబూ, మా అమ్మ గుర్తొచ్చింది అంది.

అతను మూడింటి బస్సుకు వెళ్ళిపోయాడు. పది రోజుల తర్వాత కొత్త సీను వాట్సాప్‌లో వచ్చింది. అందులో కెమెరా కింద స్టూలు ఉంది, దానిమీద ఎవరూ లేరు. లెన్సు చుట్టూ బొట్లు మూడు వరసలు. ఎర్రపెన్ను పట్టుకుని రెండుసార్లు చదివింది. దిద్దడానికి ఏమీ దొరకలేదు. దొరికుంటే బాగుండేదనిపించింది, ఏడింటికి ఫోన్ చేసి చెప్పడానికి.

ఆ సాయంత్రం ఏడు కాగానే ఇనప కుర్చీని ఈడ్చుకుపోయి అంజమ్మ వాళ్ళ గోడ పక్కన వేసుకుంది. వీపుకు వేడి కొట్టింది. అవతల ఏదో సీరియల్ వస్తోంది, ఒక ఆడమనిషి ఎవరినో నిలదీస్తోంది. ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. ఎలిజబెత్ అది అయిపోయేదాకా కూర్చుని వింది.